వాట్ల హద్దు మీద ఇఖ్తియార్ ఎవరిది?

ఏసీ కొనడానికి పోతే టన్నెంత, స్టార్లెన్ని అని అడుగుతాం. గీజరైతే ఎన్ని వాట్లని అడుగుతాం. మిక్సీ కొనే అమ్మీ కూడా ఐదొందల వాట్లదా, ఏడొందల యాభైదా అని దుకాణందారుణ్ణి నిలదీసి మరీ కొంటుంది. అదే యాభై వేలో డెబ్బై వేలో పోసి పిల్లలకు ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మాత్రం "ఐ ఫైవా, ఐ సెవెనా" అన్న ఒక్క సవాల్‌తో సౌదా ఖతం. డబ్బు చీటీ ఎత్తి తెచ్చిందో, దమ్మామ్‌లో ఉన్న పెద్దన్న ఓవర్‌టైం చేసి పంపిందో అయ్యుంటుంది. ఆ డబ్బుతో మనం కొంటున్నది ఒక పేరు. పేరు వెనక ఉన్న తాకత్ ఎంతో డబ్బా మీద ఉండదు, దుకాణందారుకు తెలీదు, మనం అడగం.

నా దావా సీదాగా చెప్తాను. ప్రాసెసర్ ఎన్ని వాట్ల దాకా లాగాలన్న హద్దు ఒకటి ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. మెషీన్ ఎంత వేగంగా నడుస్తుంది, ఎంత వేడెక్కుతుంది, ఫ్యాన్ ఎంత గోల చేస్తుంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఇవన్నీ చాలా మటుకు ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటాయి. ఆ అంకెను తయారీదారు పెడతాడు, మనకు చెప్పడు, కొన్నిసార్లు మనం మార్చకుండా తాళం కూడా వేస్తాడు. పైసలిచ్చి కొన్న మాలిక్‌కు ఆ అంకెను చూసే హక్కు, తగ్గించుకునే హక్కు ఉండాలి. చాలా మెషీన్లలో ఆ హక్కు ఇప్పటికే మన చేతిలో ఉంది. దాన్ని వాడే హునర్ మన ఇళ్ళలో లేదు. నా షికాయత్‌లో సగం కంపెనీల మీదైతే, మిగతా సగం మన ఇంటి బీటెక్ బాబుల మీద, పాపల మీద.

ముందు ఈ హద్దు సంగతి. ఇంటెల్ 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ చిప్పులతో ర్యాపల్ అనే ఇంతెజాం పెట్టింది. రన్నింగ్ యావరేజ్ పవర్ లిమిట్ అన్నదానికి అది పొట్టి పేరు. అంటే నడుస్తూ ఉన్న సగటు మీద హద్దు. దీన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు, బిర్యానీ వండిన వాళ్ళెవరైనా చాలు. డేగ్ పొయ్యి మీద పెట్టగానే ముందు తేజ్ ఆంచ్ ఇస్తాం. కాసేపటికి మంట తగ్గించి దమ్ మీద వదిలేస్తాం. ప్రాసెసర్‌కూ అలాంటివే రెండు హద్దులు. పని మొదలవగానే కాసేపు వాడుకోదగ్గ పెద్ద హద్దు ఒకటి, దాన్ని షార్ట్ టర్మ్ అంటారు, పీఎల్2 అనీ అంటారు. తర్వాత ఎంతసేపైనా నిలబడాల్సిన చిన్న హద్దు ఇంకొకటి, అది లాంగ్ టర్మ్, పీఎల్1. తేజ్ ఆంచ్ ఎంతసేపన్నది మూడో అంకె. చాలా ల్యాప్‌టాప్‌లలో అది 28 సెకన్ల దగ్గర ఉంటుంది. దుకాణంలో బ్రౌజర్ టక్కున తెరిచి "చూడండి భాయ్, ఎంత ఫాస్టో" అని చూపించేది ఆ 28 సెకన్ల వేగాన్నే. ఇంటికొచ్చి గంటసేపు వీడియో ఎడిటింగ్ చేసినా, ఆండ్రాయిడ్ ప్రాజెక్టు కంపైల్ చేసినా మీకు దక్కేది పీఎల్1 వేగం. డెమో ఒక అంకె మీద జరుగుతుంది, మన పిల్లల పని ఇంకో అంకె మీద నడుస్తుంది.

ఇది ఎంత పెద్ద ధోకాకు దారి తీస్తుందో ఒక్క మిసాల్ చాలు. ఇంటెల్ కోర్ ఐ7-1165జీ7 అనే చిప్ ఉంది. మన దగ్గర చాలా ఇళ్ళలో ఉన్నదే. కంపెనీ సొంత వివరాల ప్రకారమే దాన్ని 12 వాట్లకూ బిగించొచ్చు, 28 వాట్లకూ వదలొచ్చు. 12 వాట్ల దగ్గర దాని బేస్ వేగం 1.2 గిగాహెర్ట్జ్, 28 వాట్ల దగ్గర 2.8. చిప్ అదే, పైన అతికించిన ఐ సెవెన్ స్టిక్కర్ అదే. ఏ అంకెకు బిగించాలన్న ఫైసలా ల్యాప్‌టాప్ తయారీదారుది. కాగితంలా సన్నగా, ఫ్యాన్ లేకుండా చేసినవాడు కింది అంకె వైపు పోతాడు. కాస్త మందంగా, మంచి ఫ్యాన్ పెట్టి చేసినవాడు పై అంకె ఇస్తాడు. ఇందులో ఏదీ హరాం పని కాదు, సన్నటిదానికీ గిరాకీ ఉంది. కానీ రెండింటి మీదా ఒకే పేరు రాసి, తేడా చెప్పే అంకెను మాత్రం డబ్బా మీద రాయకపోవడాన్ని తిజారత్‌లో ఏమంటారో మీరే చెప్పండి. కిలో అని రాసి ముప్పావు కిలో ఇచ్చే కిరాణా కొట్టువాణ్ణి మన మొహల్లాలో ఎన్నాళ్ళు ఉండనిస్తాం?

సరే, చూడటమెలా? లైనక్స్ ఉన్న మెషీన్‌లో ఇది రెండు నిమిషాల పని. ఉబుంటు, డెబియన్, ఏదైనా పర్వాలేదు. నేను ఇక్కడ అన్నీ తెలుగు హరూఫ్‌లోనే రాస్తున్నాను, ఎందుకంటే ఈ పేజీని పిల్లల పక్కన కూర్చుని అబ్బాలూ అమ్మీలూ కూడా చదువుతారు. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, నేను గీతలు పెట్టిన చోట గీతలు, చుక్కలు పెట్టిన చోట చుక్కలు పెట్టండి.

లైనక్స్‌లో ఈ హద్దులన్నీ మామూలు ఫైళ్ళలా కనిపిస్తాయి. /సిస్/క్లాస్/పవర్‌క్యాప్ అనే ఫోల్డర్‌లో ఇంటెల్-ర్యాపల్:0 అనే ఇంకో ఫోల్డర్ ఉంటుంది. సున్నా అంటే మొదటి ప్రాసెసర్, ల్యాప్‌టాప్‌లో ఉండేది అదొక్కటే. అందులో కన్‌స్ట్రెయింట్_0_నేమ్ అన్న ఫైల్‌ను క్యాట్ కమాండ్‌తో తెరిస్తే లాంగ్_టర్మ్ అని వస్తుంది. కన్‌స్ట్రెయింట్_0_పవర్_లిమిట్_యూడబ్ల్యూ తెరిస్తే 15000000 లాంటి అంకె వస్తుంది. చూసి ఘబ్రాయించొద్దు, అది మైక్రోవాట్లలో ఉంది. వెనక ఆరు సున్నాలు కొట్టేస్తే 15 వాట్లు. అదే మీ ల్యాప్‌టాప్ అస్లీ పీఎల్1. పక్కనే కన్‌స్ట్రెయింట్_0_మ్యాక్స్_పవర్_యూడబ్ల్యూ ఉంటుంది, చిప్‌కు కంపెనీ రాసిన మామూలు వాట్లు అందులో ఉంటాయి. ఈ రెండు అంకెల మధ్య తేడా ఉందో లేదో ఒక్కసారి చూడండి. కన్‌స్ట్రెయింట్_1 పేరుతో మొదలయ్యేవన్నీ షార్ట్ టర్మ్ సంగతులు. టైమ్_విండో_యూఎస్ అని ముగిసే ఫైల్‌లో 27983872 అని కనిపిస్తే, అదే నేను పైన చెప్పిన 28 సెకన్లు.

ఇవి చదవడానికి పాస్‌వర్డ్ కూడా అడగదు. ఫైళ్ళు వెతుక్కునే ఓపిక లేనివాళ్ళు పవర్‌క్యాప్-యుటిల్స్ అనే ప్యాకేజీ పెట్టుకోవచ్చు. సుడో పవర్‌క్యాప్-ఇన్ఫో -పీ ఇంటెల్-ర్యాపల్ అని కొడితే అన్నీ ఒకేచోట చదివి పెడుతుంది.

ఇంతకీ మెషీన్ ఇప్పుడు ఎన్ని వాట్లు లాగుతోంది? దానికి అదే ఫోల్డర్‌లో ఎనర్జీ_యూజే అనే ఫైల్ ఉంది. కరెంటు మీటర్‌లాగా అది పెరుగుతూ పోతుంది, మైక్రోజౌళ్ళలో. ఒకసారి చదివి, పది సెకన్లాగి మళ్ళీ చదివి, తేడాను పదితో భాగిస్తే వాట్ల లెక్క వచ్చేస్తుంది. తేడా 148000000 వచ్చిందనుకోండి, పది సెకన్లకు 148 జౌళ్ళు, అంటే 14.8 వాట్లు. ఇంటర్ ఫిజిక్స్ చదివే మన పిల్లలకు జౌలు, వాటు తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి తజుర్బా ఏ ల్యాబ్‌లో దొరుకుతుంది? లెక్కలొద్దనుకుంటే టర్బోస్టాట్ అనే ఉపకరణం ఉంది, అందులో పీకేజీవాట్ అన్న నిలువు వరుస చూడండి.

ఎనర్జీ_యూజే చదవడానికి మాత్రం సుడో కావాలి. దాని వెనక ఒక కిస్సా ఉంది. నా బహస్ మొత్తానికి అదే వెన్నెముక కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. 2020 నవంబరులో కొందరు పరిశోధకులు ప్లాటిపస్ అనే దాడిని బయటపెట్టారు. ఈ మీటరును ఎవరైనా చదవగలిగితే, చిప్ ఏ క్షణంలో ఎంత కరెంటు లాగిందో చూసి లోపలి రహస్య తాళాలను కూడా అందాజా కట్టొచ్చని చూపించారు. ఖతరా అస్లీదే. అప్పుడు లైనక్స్ వాళ్ళు ఏం చేశారు? మీటరును పీకెయ్యలేదు. దారినపోయే ప్రతి ప్రోగ్రామూ చదవకుండా, మెషీన్ మాలిక్ మాత్రమే చదివేలా ఇజాజత్ మార్చారు. గల్లీలో దొంగ తిరుగుతున్నాడని తలుపుకు గొళ్ళెం పెట్టారు గానీ, ఇంటివాణ్ణి బయటికి గెంటలేదు. ఇన్సాఫ్ అంటే అలా ఉండాలి.

దీనికి ఉల్టాగా కొందరు ల్యాప్‌టాప్ తయారీదారులు చేసే పని చూడండి. చిప్‌లో ఈ హద్దులు దాచే రిజిస్టర్ ఒకటుంది, దాని నంబరు 0ఎక్స్610. అందులో చిట్టచివరి బిట్, 63వది, తాళం. మెషీన్ ఆన్ కాగానే బయోస్ ఆ బిట్‌ను 1 చేసేస్తే, మళ్ళీ రీస్టార్ట్ అయ్యేదాకా ఎవరూ హద్దు మార్చలేరు. రీస్టార్ట్ చేస్తే బయోస్ మళ్ళీ తాళం వేస్తుంది. మీరు అడ్మిన్ అయినా, రూట్ అయినా, బిల్లు మీ పేరు మీదే ఉన్నా సరే. మీ మెషీన్‌లో తాళం పడిందో లేదో తెలుసుకోవాలంటే సుడో డీమెసేజ్ కొట్టి ర్యాపల్ అన్న మాట కోసం వెతకండి. లాక్డ్ బై బయోస్ అన్న ముక్క కనిపిస్తే సంగతి అర్థమైనట్టే. వాళ్ళ లఫ్జే అది, నాది కాదు.

ఎందుకు తాళం వేశారంటే ఎప్పుడూ ఒకే జవాబు, సెక్యూరిటీ. ఇక్కడ జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే ఈ దలీల్‌లో పాలూ నీళ్ళూ కలిసి ఉన్నాయి. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే దాడి బయటపడింది. ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని సాఫ్ట్‌వేర్ నుంచి తగ్గించి, లెక్కలు తప్పేలా చేసి, చిప్ లోపల భద్రంగా దాచిన దాన్ని లాగొచ్చని చూపించారు. ఆ తర్వాత బయోస్ అప్‌డేట్లు వచ్చి చాలా ల్యాప్‌టాప్‌లలో వోల్టేజీ మార్చే దారి మూసేశాయి. దాని మీద నాకు పెద్ద పేచీ లేదు, మూయడానికి సబబు ఉంది. కానీ వోల్టేజీ వేరు, వాట్ల హద్దు వేరు. హద్దు తగ్గిస్తే చిప్ నెమ్మదిగా నడుస్తుందంతే, లెక్కలు తప్పవు, ఎందుకంటే ఏ వేగానికి ఎంత వోల్టేజీ కావాలో అది చిప్పే చూసుకుంటుంది. దొంగ పేరు చెప్పి ఇంట్లోవాళ్ళ కిటికీలు మూయిస్తే గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

"కంపెనీ ఇంజనీర్ల కంటే నీకెక్కువ తెలుసా" అని ఇంకో సవాల్ వస్తుంది. వాళ్ళకు చిప్ గురించి నాకంటే వెయ్యి రెట్లు తెలుసు, ఒప్పుకుంటాను. కానీ మే నెలలో కర్నూలులో రేకుల ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి గది ఎలా ఉంటుందో వాళ్ళకు తెలీదు. వాళ్ళు ఒక అంకె పెట్టి లక్షల మెషీన్లు అమ్ముతారు. ఆ అంకె ఏసీ ఆఫీసుకు ముబారక్. రామగుండంలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాన్, ఒక ట్యూబ్‌లైటు, ఒక ల్యాప్‌టాప్ నడుస్తున్న ఇంటికి అదే అంకె ఎందుకు సరిపోవాలి? ఒళ్ళో పెట్టుకుంటే తొడ కాలుతోందని తలగడ మీద పెట్టుకుని, ఆ తలగడతో గాలి రంధ్రాలు మూసేసి, మెషీన్ ఇంకా వేడెక్కితే "పాడైపోయింది" అని రిపేరుకు పట్టుకెళ్ళే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. గట్టి బల్ల మీద పెట్టి, 28 వాట్ల హద్దును 15కి దించితే చాలాసార్లు తీరిపోయే తక్లీఫ్ అది.

వాట్లు సగానికి దిగితే వేగం కూడా సగమవుతుందని భయపడకండి. చిప్ వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. ఖర్చయ్యే తాకత్ వేగంతో పాటు పెరగడమే కాదు, వోల్టేజీ వర్గంతో కూడా పెరుగుతుంది. అందుకని చివరి కొంచెం వేగం కోసం చిప్ బేహద్ కరెంటు తాగుతుంది. ఆ చివరి భాగాన్ని వదులుకుంటే పోయే వేగం తక్కువ, మిగిలే వాట్లు ఎక్కువ. చదువుకునే పిల్లలు ఉత్తరాలు రాసుకున్నా, పాఠాల వీడియోలు చూసినా తేడా వాళ్ళకు కనబడనే కనబడదు. గంటల తరబడి కంపైల్ చేసేవాళ్ళకు, వీడియో రెండర్ చేసేవాళ్ళకు కనబడుతుంది. అలాంటి రోజున హద్దును మళ్ళీ పాత అంకెకు పెంచుకుంటారు. ఇఖ్తియార్ అంటే అదే కదా.

మార్చే తరీఖా ఇది. ముందు పాత అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇది మర్చిపోవద్దు. తర్వాత ఎకో 15000000 అని కొట్టి, నిలువు గీత పెట్టి, సుడో టీ అని రాసి, పైన చెప్పిన పవర్_లిమిట్_యూడబ్ల్యూ ఫైల్ పూర్తి దారి ఇవ్వండి. లేదా సుడో పవర్‌క్యాప్-సెట్ -పీ ఇంటెల్-ర్యాపల్ -జెడ్ 0 -సీ 0 -ఎల్ 15000000. ఇందులో జెడ్ అంటే జోన్, సీ అంటే ఏ హద్దు అన్నది (0 అయితే లాంగ్ టర్మ్, 1 అయితే షార్ట్ టర్మ్), ఎల్ అంటే లిమిట్. మళ్ళీ క్యాట్‌తో చదివి అంకె మారిందో లేదో చూసుకోండి. తర్వాత స్ట్రెస్-ఎన్‌జీ లాంటి ప్రోగ్రాంతో కాసేపు బరువు పెట్టి, నిజంగా 15 దగ్గర ఆగుతోందా లేదా అని మీటరు చూడండి. రాసిన అంకె వేరు, నడిచే అంకె వేరు కావచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్-ర్యాపల్-ఎంఎంఐఓ అని రెండో ఫోల్డర్ ఉంటుంది, రెండు చోట్లా ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. కొన్నింటిలో మదర్‌బోర్డు మీదున్న చిన్న కంట్రోలరో, థర్మల్‌డీ అనే సర్వీసో మీ అంకెను మళ్ళీ తుడిచేస్తుంది. తాళం వెయ్యకుండానే వెనక నుంచి వచ్చి మార్చిపోయే ఈ అలవాటు నాకు తాళం కంటే చికాకు.

మెషీన్ రీస్టార్ట్ చేస్తే మీరు పెట్టిన అంకె ఎగిరిపోయి పాతది వస్తుంది. భయపడేవాళ్ళకు ఇదే తసల్లీ: ఏదైనా గడబిడ అనిపిస్తే ఆపి మళ్ళీ ఆన్ చేయండి, అంతే. రోజూ కావాలనుకుంటే ఆన్ అయినప్పుడల్లా ఆ ఒక్క కమాండ్ నడిపేలా ఒక చిన్న సిస్టమ్‌డీ సర్వీసు రాసుకోవచ్చు. ఇంట్లో బీటెక్ చదివే బేటీ ఉంటే పావుగంట పని.

తగ్గించడం గురించే ఇంతసేపూ చెప్పాను, పెంచడం గురించి కాదు, కావాలనే. మరీ వేడెక్కితే ఆగిపోయే ఇంతెజాం చిప్‌లో ఎలాగూ ఉంటుంది, కానీ ఛార్జరు, బోర్డు మీద కరెంటు అందించే భాగాలు, ఫ్యాన్, ఇవి ఎంత భరిస్తాయో తయారీదారుకే తెలుసు. మాలిక్ హక్కు అంటూ ఫ్యాక్టరీ అంకె దాటి పోయేవాళ్ళ షౌక్ వాళ్ళది. ఇంటికి ఒక్క ల్యాప్‌టాప్ ఉన్న కుటుంబానికి ఆ నసీహత్ నేనివ్వను.

పెంచితే ఏమవుతుందో చూడాలంటే డెస్క్‌టాప్‌ల వైపు తిరగండి. అక్కడ కథ ఉల్టా. ల్యాప్‌టాప్‌లో బిగించి తాళం వేసేవాళ్ళు, డెస్క్‌టాప్‌లో పగ్గాలు వదిలేశారు. కోర్ ఐ9-13900కే అనే చిప్‌కు ఇంటెల్ రాసిన అంకెలు 125 వాట్లు, 253 వాట్లు. చాలా మదర్‌బోర్డులు మాలిక్‌ను ఒక్క మాట అడగకుండా ఈ హద్దును 4095 వాట్లు చేసి పంపేవి. 4095 ఎక్కడిదనుకుంటున్నారు? ఏ ఇంజనీరూ కూర్చుని లెక్కేసింది కాదు. ఆ రిజిస్టర్‌లో హద్దు రాసే గడిలో 15 బిట్లు ఉంటాయి, ఒక్కో అంచె వాటులో ఎనిమిదో వంతు. గడి మొత్తం ఒకట్లతో నింపేస్తే వచ్చేది 4095 చిల్లర. అంటే "హద్దు లేదు" అని చెప్పడానికి గడి నిండా గీతలు కొట్టారు. రెండు పెద్ద గీజర్ల కరెంటు ఒక చిప్‌కు ఇజాజత్ ఇచ్చినట్టు. దానికి ఆ బోర్డులు పెట్టిన ముద్దుపేరు ఆటో. పోటీ పట్టికల్లో తమ బోర్డు ఒక వెంట్రుకవాసి ముందుండాలన్న ఆరాటం అదంతా.

2024లో ఆ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ చిప్పులు ఆటల మధ్యలో, పనుల మధ్యలో కూలిపోతున్నాయని దునియా మొత్తం గగ్గోలు లేచింది. ఇన్సాఫ్‌గా చెప్పాలి. తప్పంతా ఈ 4095దే అంటే అబద్ధమవుతుంది. చిప్ అవసరం కంటే ఎక్కువ వోల్టేజీ అడిగేలా మైక్రోకోడ్‌లోనే దోషం ఉందని ఇంటెల్ ఒప్పుకుంది, ఆగస్టులో మరమ్మతు అప్‌డేట్ ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పెంచింది. కానీ అదే ఇంటెల్ చెప్పిన నాలుగు సబబుల్లో ఒకటి, తాము చెప్పిన పవర్ హద్దుల్ని మదర్‌బోర్డు సెట్టింగులు దాటడం. అప్పుడు కొన్నవాళ్ళందరికీ ఒక్కటే సలహా వచ్చింది: బయోస్‌లోకి వెళ్ళి ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్ పెట్టుకోండి. ఏళ్ళ తరబడి "మీకెందుకు ఇవన్నీ, ఆటోలో ఉంది" అన్నవాళ్ళే, ముష్కిల్ రాగానే హద్దు చూసుకునే జిమ్మేదారీని మాలిక్ నెత్తిన పెట్టారు. ముష్కిల్ వేళ నాదైన జిమ్మేదారీ, మామూలు రోజున నా హక్కు ఎందుకు కాకూడదు?

ఏఎండీ మెషీన్ల సంగతి కూడా చెప్పాలి, ఈ మధ్య మన ఇళ్ళలో రైజెన్‌లు చాలా వస్తున్నాయి. లైనక్స్‌లో అదే పవర్‌క్యాప్ ఫోల్డర్‌లో రైజెన్ మీటరు కనిపిస్తుంది, విచిత్రంగా ఇంటెల్ పేరుతోనే. కానీ హద్దుల ఫైళ్ళు ఉండవు. వాటికి రైజెన్‌ఏడీజే అనే బయటివాళ్ళు రాసిన ఉపకరణం వాడాలి. అందులో --ఇన్ఫో అంటే చూపిస్తుంది, --స్టాపమ్-లిమిట్, --స్లో-లిమిట్, --ఫాస్ట్-లిమిట్ అంటే మారుస్తుంది. ఇక్కడ అంకెలు మిల్లీవాట్లలో ఉంటాయి, 15 వాట్లంటే 15000. ఇంటెల్ లెక్కతో కలిపేసి తికమక పడొద్దు. మాలిక్ చేతికి హద్దు ఇవ్వడానికి కంపెనీకి తీరిక లేక, ఎవరో సేవకు రాసిపెట్టిన ప్రోగ్రాం మీద ఆధారపడాల్సి రావడం ఏఎండీకి ఫఖర్ కాదు. ఇవేవీ వద్దనుకునేవాళ్ళు పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ సెట్ పవర్-సేవర్ అని కొట్టి చూడండి. అంకెలు కనబడవు గానీ, తయారీదారు ఇచ్చిన చిన్న మంట అందుకుంటుంది.

మన ఇళ్ళలో ఎక్కువ విండోసే. అక్కడ పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్ ఉంది, ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని శాతాల్లో తగ్గించొచ్చు. పవర్‌సీఎఫ్‌జీ /సెట్ఏసీవాల్యూఇండెక్స్ స్కీమ్_కరెంట్ సబ్_ప్రాసెసర్ ప్రాక్‌థ్రాటిల్‌మ్యాక్స్ 99 అని ఇచ్చి, పవర్‌సీఎఫ్‌జీ /సెట్‌యాక్టివ్ స్కీమ్_కరెంట్ అంటే, చాలా మెషీన్లలో టర్బో ఆగిపోయి వేడి ఒక్కసారిగా దిగుతుంది. పనికొస్తుంది, కానీ ఇది శాతం, వాట్లు కాదు. ఎన్ని వాట్లన్నది మళ్ళీ పరదా వెనకే ఉండిపోతుంది.

దీనివల్ల కరెంటు బిల్లు సగమవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. 28 నుంచి 15కి దించితే తేడా 13 వాట్లు. రోజుకు ఎనిమిది గంటలు ఫుల్ బరువు మీద నడిపినా నెలకు మూడు యూనిట్లు. చాయ్ ఖర్చు. ఫాయిదా ఇంకోచోట ఉంది. 50 వాట్-అవర్ల బ్యాటరీ అనుకోండి, చిప్ కాక మిగతా మెషీన్ 8 వాట్లు తింటుందనుకోండి. చిప్ 28 లాగితే గంటా ఇరవై నిమిషాల చిల్లర వస్తుంది. 15 దగ్గర ఆపితే రెండు గంటల పది నిమిషాలు. కరెంటు పోయిన రోజున ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లకు ఆ నలభై ఐదు నిమిషాలకు ఎంత కీమత్ కడతారు?

ఫ్రిజ్ మీద, ఏసీ మీద స్టార్ లేబుల్ లేకుండా అమ్మకూడదని సర్కారు కాయిదా పెట్టింది కదా, ల్యాప్‌టాప్ డబ్బా మీద మూడు అంకెలు రాయమనడం గొంతెమ్మ కోరికా? పీఎల్1 ఎంత, పీఎల్2 ఎంత, ఎన్ని సెకన్లు. దాని పక్కనే నాలుగో ముక్క: మాలిక్ మార్చుకోగలడా, తాళం ఉందా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, పరిమాణం, సామర్థ్యం గురించి తెలుసుకునే హక్కును కొనేవాడి హక్కుల్లో సాఫ్‌గా రాసింది. ల్యాప్‌టాప్ సామర్థ్యమంటే పీఎల్1 కాక మరేమిటి? 2022 డిసెంబరులో కేంద్ర సర్కారు రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. విడిభాగాల గురించి, మరమ్మతు గురించి అక్కడ కంపెనీలు వివరాలు పెడుతున్నాయి. బయోస్ తాళం కూడా ఆ బహస్‌లోకి రావాలి. స్క్రూ విప్పుకునే హక్కు ఇచ్చి, లోపలి అంకె మార్చుకునే హక్కు ఇవ్వకపోతే అది సగం హక్కు.

కాయిదా వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. మన కుటుంబాలు కొనేవాటిలో చాలా మటుకు సెకండ్‌హ్యాండ్, రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కో, మీ ఊళ్ళో కంప్యూటర్ దుకాణానికో వెళ్ళేటప్పుడు జేబులో ఒక ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టుకుని పొండి. సీల్ తియ్యని కొత్త డబ్బా అయితే తెరవనివ్వరు, పాతదాన్ని ఆన్ చేసి చూపించడానికి మాత్రం ఏ ఈమాన్‌దార్ దుకాణందారూ వెనకాడడు. పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడపండి, ట్రై ఉబుంటు అని అడుగుతుంది. టెర్మినల్ తెరిచి కన్‌స్ట్రెయింట్_0 అంకె చదవండి, డీమెసేజ్‌లో తాళం మాట వెతకండి. రెండు ఐ సెవెన్‌లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో 15, ఇంకోదాంట్లో 28 కనబడితే, బేరం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.